మ్యూజియంలోని ఆఫ్రికా వస్తువుల, పాత ఫోటోల వెనక కథ ఎలా తవ్వాలి?

బ్రిటిష్ మ్యూజియంలో బెనిన్ ఇత్తడి పలకలు చూశాను, అవి అక్కడికి ఎలా చేరాయో, ఆ కాలం ఫోటోల్ని ఎలా చదవాలో చెప్పండి అని అడిగారు. నేను చరిత్ర చదివినదాన్ని కాదు, నాది అకౌంట్స్ ఉద్యోగం. లండన్‌లో పెద్ద మ్యూజియంలకు టికెట్ ఉండదు కాబట్టి వాన పడే ఆదివారాలు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేదాన్ని. అలా పట్టుకుంది ఈ పిచ్చి.

నేనైతే వస్తువు కన్నా ముందు దాని నంబరు చూస్తాను. అకౌంట్స్ బుద్ధి మరి. ఆ పలకల్లో చాలావాటి నంబరు ‘ఏఎఫ్ 1898, 0115’ అని మొదలవుతుంది. ఏఎఫ్ అంటే ఆఫ్రికా, తర్వాత సంవత్సరం, ఆ తర్వాత నెల, తేదీ. 1898 జనవరి 15 కింద రిజిస్టర్‌కి ఎక్కాయన్నమాట. ఇక ఒక్క ఏడాది వెనక్కి వెళ్తే చాలు. 1897 జనవరిలో జేమ్స్ ఫిలిప్స్ అనే బ్రిటిష్ అధికారి, ఇప్పుడు రావద్దని కబురు వచ్చినా వినకుండా బెనిన్ నగరానికి బయల్దేరాడు. (ఈ నగరం ఇప్పటి నైజీరియాలో ఉంది. బెనిన్ అనే దేశం వేరు. నేనూ మొదట్లో పొరబడ్డాను.) దారిలో అతన్నీ, వెంట ఉన్నవాళ్లలో చాలామందినీ చంపేశారు. ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన వచ్చి నగరాన్ని పట్టుకుంది. రాజమందిరం కాలిపోయింది, వేలకొద్దీ ఇత్తడి, దంతపు వస్తువులు ఓడలెక్కాయి. కొన్ని ప్రభుత్వం అమ్ముకుంది, కొన్ని ఆఫీసర్లు ఇంటికి పట్టుకెళ్లారు. ఇంగ్లిష్ వాళ్లు దీనికి వాడే ‘లూట్’ అనే మాట కూడా మన దేశం నుంచి పట్టుకెళ్లిందే!

నంబరుని మరీ గుడ్డిగా నమ్మకండి. అదే మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి. వాటి నంబర్లు 1880తో మొదలవుతాయి కాబట్టి అప్పుడే తెచ్చారని ఊరి నుంచి వచ్చిన మా బాబాయికి గొప్పగా చెప్పేశాను. తీరా చూస్తే వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి వాటిని తవ్వించింది 1845లో, మద్రాసు నుంచి లండన్ పంపింది 1859లో. మధ్యలో లండన్‌లోనే ఇండియా మ్యూజియం అనే ఇంకో చోట ఉన్నాయి. నంబరు చెప్పేది ఆ మ్యూజియంలో అడుగుపెట్టిన ఏడాదే. బాబాయికి ఫోన్ చేసి దిద్దుకున్నాననుకోండి.

తర్వాత చూడాల్సింది ఇచ్చినవాళ్ల పేరు. అది సైనికాధికారిదో, వలస ప్రభుత్వ ఉద్యోగిదో అయితే సగం కథ అక్కడే దొరుకుతుంది. ‘సేకరించినది’ అని రాసి ఉంటే ఎవరి దగ్గర, ఏ పరిస్థితిలో అని అడగండి. డిజిటల్ బెనిన్ అనే వెబ్‌సైట్‌లో ఎన్నో దేశాల్లోని వందకు పైగా సంస్థల్లో ఉన్న 5,000 పైచిలుకు బెనిన్ వస్తువుల వివరాలు ఒకేచోట ఉన్నాయి. నా రాత్రులు చాలా అక్కడే ఖర్చయ్యాయి. మాకు దగ్గర్లోని హోర్నిమన్ మ్యూజియం 2022 నవంబరులో 72 బెనిన్ వస్తువుల యాజమాన్య హక్కును నైజీరియాకు రాసిచ్చింది.

ఇక ఫోటోలు. ఒకటి చూపిస్తాను. బెనిన్ రాజు, అంటే ఓబా ఒవొన్‌రమ్‌వెన్, ‘ఐవీ’ అనే ఓడ మీద కూర్చుని ఉంటాడు. 1897లో ఇప్పటి నైజీరియాలోనే ఉన్న కలబార్‌కు బ్రిటిష్ వాళ్లు అతన్ని బహిష్కరించి పంపుతున్నప్పటిది. వెనక సిపాయిలు నిలబడి ఉంటారు. ఒంటి మీద వదులైన పొడవాటి వస్త్రం పాదాల దాకా జారి ఉంటుంది. ఏదో దర్బారు ఫోటో అనుకుని దాటేశాను. ఆ వస్త్రం కింద కాళ్లకు సంకెళ్లున్నాయి. అది తెలిశాక మళ్లీ మొహం చూస్తే అదే ఫోటో అనిపించలేదు.

దీన్ని తీసిన వ్యక్తి పేరు జె. ఎ. గ్రీన్. గ్రీన్ అనగానే తెల్లవాడే తీసి ఉంటాడని చాలాకాలం అనుకున్నాను. కాదు. జోనథన్ అడగోగో గ్రీన్ ఇప్పటి నైజీరియా తీరంలోని బోనీకి చెందిన ఇజో జాతి మనిషి, స్టూడియో పెట్టుకుని అటు బ్రిటిష్ వాళ్లకూ ఇటు స్థానిక పెద్దలకూ ఫోటోలు తీసేవాడు. 32 ఏళ్లకే, 1905లో పోయాడు. వలస కాలం ఫోటో అంటే కెమెరా వెనక యూరోపియనే అని ముందే తీర్మానించుకోకండి. కుదిరితే ఫోటో వెనకవైపు స్కాన్ కూడా అడగండి, స్టూడియో ముద్రో చేతిరాతో దొరకొచ్చు.

నార్త్‌కోట్ థామస్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఫోటోలు కూడా వెతకండి. 1909 నుంచి 1915 దాకా నైజీరియా, సియెర్రా లియోన్‌లలో వలస ప్రభుత్వం తరఫున తిరిగి వేలకొద్దీ గాజు నెగటివ్‌ల మీద తీశాడు. మనుషుల్ని ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, నంబరు కార్డుతో. పోలీస్ స్టేషన్ ఫోటోల్లా ఉంటాయి, కొన్ని చూస్తే కడుపులో దేవినట్టయింది. ఈమధ్య పరిశోధకులు వాటి కాపీలు ఆ ఊళ్లకే తీసుకెళ్తే కొందరు తమ తాతల్ని గుర్తుపట్టి, ఫ్రేమ్ కట్టించుకోవడానికి అడిగి తీసుకున్నారు.