తమ్ముడి గుండెలో రంధ్రం మూయించాలా?

42 ఏళ్ల మీ తమ్ముడికి కారణం తెలియని బ్రెయిన్ స్ట్రోక్ వచ్చిందని, గుండెలో పీఎఫ్‌ఓ రంధ్రం (పై రెండు గదుల మధ్య పుట్టాక మూసుకోకుండా మిగిలిపోయిన దారి) మూయించాలా అని అడిగారు. టెన్షన్ పడకండి. ఈ రంధ్రం దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఏ హానీ చేయదు; కొందరిలో మాత్రం రక్తపు గడ్డ దీన్ని దాటి మెదడుకు చేరి స్ట్రోక్ తెస్తుంది. కాబట్టి స్ట్రోక్‌కి నిజంగా అదే కారణమా అన్నది ముందు తేలాలి. మెడ రక్తనాళాల స్కాన్, కొన్ని వారాల పాటు గుండె లయ రికార్డింగ్ అయ్యాయా? బబుల్ టెస్ట్‌లో చేతి నరంలోకి ఎక్కించిన సెలైన్ బుడగలు కుడి గదిలోంచి ఎడమ గదిలోకి జారడం తెరమీద కనిపిస్తుంది. ఎన్ని దాటాయో తప్పకుండా అడగండి.

వేరే కారణం దొరకని 60 ఏళ్లలోపు వారిలో, రంధ్రం మూస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు తగ్గుతుందని 2017 నాటి పెద్ద అధ్యయనాలు చూపాయి. ఛాతీ కోయరు, గజ్జల దగ్గరి సిర గుండా పరికరం పంపుతారు. తర్వాత కొందరికి గుండె లయ తప్పవచ్చు. న్యూరాలజిస్ట్, కార్డియాలజిస్ట్ ఇద్దరూ ఒకే మాట చెబితే నేనైతే చేయించమంటాను. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.