పాత ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చాలా?

సోల్డరింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నానని, పాత స్టీరియో ఆంప్లిఫయర్ గుమ్మని మోగుతోందని, అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ (విద్యుత్ చార్జిని నిల్వ చేసే, ధ్రువాలున్న భాగాలు) సొంతంగా మార్చుకోవచ్చా అని మీరు అడిగారు. మార్చుకోవచ్చు. అయితే మీ ప్రశ్నలోని "అన్నీ" అన్న మాటతోనే నాకు పేచీ. మీది ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ అనుకొని ఈ జవాబు రాస్తున్నాను. వాల్వులతో (గాజు గొట్టాలతో) పనిచేసేదైతే లోపల మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి కనుక, దాన్ని మొదటి ప్రయత్నంగా ఎంచుకోవద్దు.

నేను మొదట విప్పినది మా నాన్నగారి ఆంప్లిఫయర్. రెండు స్పీకర్లలోనూ ఎడతెగని గుమగుమ వినిపించేది. దానికి తోడు ఎడమ చానల్ ఉన్నట్టుండి ఆగిపోయి, పైన ఒక దెబ్బ వేస్తే మళ్లీ పలికేది. పాతదైతే కెపాసిటర్లన్నీ మార్చాల్సిందేనని ఎక్కడ చదివినా కనిపించడంతో, ఇరవై రెండు కొత్తవి తెచ్చి, పాతవన్నీ ఒకే రాత్రి ఊడదీశాను. ఫోటోలు తీసుకున్నాను గాని, ఒక మూల వైర్ల కట్ట అడ్డు వచ్చింది. బోర్డు మీద ప్రతి కెపాసిటర్ చోటా ఒక వృత్తం, అందులో సగం తెల్లరంగు నింపి ఉంది. కెపాసిటర్ ఒంటి మీద చార ఉన్న వైపు నెగెటివ్ కాబట్టి, రంగు నింపిన సగం కూడా నెగెటివే అనుకొని బిగించుకుంటూ పోయాను. మిగిలిన చోట్ల ఆ లెక్క సరిపోయింది. వైర్ల కట్ట కింది మూలలో మాత్రం బోర్డు మీది గుర్తే తిరగబడి అచ్చయి ఉందని తరువాత గాని తెలియలేదు.

స్విచ్చి వేసిన కొద్ది సెకన్లకు సన్నని బుసతో ఆ మూలనుంచి ఆవిరి లేచింది. ప్లగ్గు పీకి చూసేసరికి ఒక 100 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యానికి కొలత) కెపాసిటర్ నెత్తిన ఉండే గాటు విచ్చుకొని, గోధుమరంగు చెమ్మ బోర్డు మీదికి కారుతోంది. అల్యూమినియం రేకు మీద ఉండే పలచని ఆక్సైడ్ పొరే ఈ కెపాసిటర్‌కు ప్రాణం. ధ్రువాలు తిరగేసి బిగిస్తే ఆ పొర దెబ్బతిని, కరెంటు అడ్డూ అదుపూ లేకుండా పారి, లోపలి ద్రవం మరుగుతుంది. నెత్తిన గాటు పెట్టేది ఆ ఒత్తిడి బయటికి పోవడానికే. ఆ ఘాటు వాసన గదిలోంచి రెండు రోజులు పోలేదు.

బోర్డు శుభ్రం చేసి, మరొకటి సరైన దిశలో బిగించాక గుమగుమ పూర్తిగా పోయింది. ఎడమ చానల్ మాత్రం ఎప్పటిలాగే ఆగిపోతూ ఉంది. ఒక చెక్కపుల్లతో బోర్డు మీద ఒక్కొక్క చోట తట్టుకుంటూ వెళితే, స్పీకర్ సాకెట్ కాలు చుట్టూ ఉన్న సోల్డర్‌లో వెంట్రుకంత సన్నని పగులు భూతద్దంలో కనబడింది. ఐరన్ మొన ఆనించి కాస్త కొత్త సోల్డర్ పెట్టగానే ఆ జబ్బు కుదిరింది. ఆ తరువాత, ఊడదీసిన పాత కెపాసిటర్లను మీటరుతో కొలిచాను. పవర్ సప్లైలోని పెద్దవి రెండూ బాగా దిగజారాయి, వేడెక్కే రెసిస్టర్ పక్కన ఉన్న 100 మైక్రోఫారడ్ 31కి పడిపోయింది. తక్కిన పందొమ్మిదీ ఆ మీటరు లెక్కలో సరిగానే ఉన్నాయి. అన్నీ మార్చేయమనే సలహా తేలికగా ఇస్తారు గాని, అనవసరంగా ఊడదీసిన ప్రతి కెపాసిటర్‌తోనూ బోర్డు మీది ఒక పాత ట్రాక్ (రాగి గీత) లేచిపోయే ప్రమాదం, ధ్రువం తారుమారయ్యే ప్రమాదం వెంటే వస్తాయని చెప్పేవారు అరుదు.

అందుచేత ముందు గుమగుమ స్వభావం గమనించండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అది అంతే ఉంటే, పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లనే అనుమానించాలి. 50 హెర్ట్జ్ ఏసీ సరఫరాను రెక్టిఫయర్ అనే భాగం డీసీగా మార్చాక మిగిలే అల 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆ అలను నున్నగా చేసే శక్తి వాటికి తగ్గిందన్నమాట. వాల్యూమ్‌తో పాటు గుమగుమ పెరుగుతుంటే మాత్రం, కెపాసిటర్ల జోలికి పోకముందే ఇన్‌పుట్ వైర్లనూ ఎర్తునూ చూడండి.

ప్లగ్గు తీసినంత మాత్రాన పెద్ద కెపాసిటర్లు ఖాళీ కావు. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయమని కొందరు ధైర్యంగా చెబుతారు, ఆ మాట నాకు చాలా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే ఆ నిప్పురవ్వ ట్రాకునూ కెపాసిటర్‌నూ రెండింటినీ పాడుచేయగలదు. 40 వోల్టులు నిలిచి ఉన్న 6,800 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయడానికి అర నిమిషం పైచిలుకు చాలు. రెసిస్టర్ కాళ్లను వేళ్లతో తాకకుండా పట్టుకోండి. ఆ తరువాత మీటరు పెట్టి చూడండి, కొద్దిసేపు ఆగి మళ్లీ చూడండి, ఎందుకంటే ఖాళీ అయిన కెపాసిటర్‌లో కొంత వోల్టేజి తిరిగి పుట్టుకొస్తుంది.

కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్ విలువ పాతదే ఉండాలి. వోల్టేజి పాతదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. 105 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు తట్టుకునేదే తీసుకోండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందని ఒక లెక్క. ఒకటి ఊడదీసి, దాని చార ఏ వైపు ఉందో కాగితం మీద గీసుకొని, కొత్తది బిగించాకే రెండోదాని మీద చేయి వేయండి. బోర్డు మీది అచ్చును నమ్మకండి, పాత కెపాసిటర్ ఎలా కూర్చుందో దాన్నే నమ్మండి.

పని అయ్యాక నేరుగా సరఫరా ఇవ్వకుండా, 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బును సీరీస్‌లో, అంటే ఆంప్లిఫయర్‌కు వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా, పెట్టండి. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి ప్రకాశంగా వెలిగి మందగిస్తే మంచి సూచన, వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపేయండి. ఆ బల్బు ఉండి ఉంటే నా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ బహుశా అంత దూరం వెళ్లేది కాదు. స్పీకర్లు కలిపేముందు వాటి టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవండి. కొన్ని పదుల మిల్లీవోల్టులలోపు ఉంటే ఫరవాలేదు, వోల్టులలో ఉంటే మాత్రం స్పీకర్ కాయిల్ కాలిపోయే ప్రమాదం ఉంది.

వాల్యూమ్ సున్నాకు తెచ్చినప్పుడు మీ ఆంప్లిఫయర్ గుమగుమ తగ్గుతోందో, అలాగే ఉంటోందో మీరు రాయలేదు. అది ఒకసారి చూసి రాయండి, ఏ కెపాసిటర్‌తో మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.