యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)లో సీటు రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో చేరితే తర్వాత పబ్లిక్ యూనివర్సిటీకి వెళ్ళొచ్చా?

మీ అబ్బాయికి అనుకున్న యూసీ రాలేదని, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) వేస్తే రెండేళ్లు వృథా అవుతాయేమోనని అడిగారు. నిశ్చింతగా చేర్పించండి. మా అమ్మాయి డి అంజా అనే కమ్యూనిటీ కాలేజీలో చదివి యూసీ డేవిస్‌లో మూడో ఏడాదిలో చేరింది. అప్పటినుంచి మాకు తెలిసిన పిల్లలకి కోర్సులు ఎంచుకోవడంలో సాయం చేస్తున్నాను. మన దగ్గర డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఎంట్రన్స్ ఉండదు, తీసుకున్న కోర్సులు, గ్రేడ్లే ముఖ్యం.

చాలామంది 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే క్రెడిట్లు (ఏడాదికి మూడు టర్మ్‌లుండే క్వార్టర్ పద్ధతిలో 90) పూర్తయితే చాలనుకుంటారు. అది కనీస అర్హత మాత్రమే. మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) కావాల్సిన కోర్సులు అందులో లేకపోతే, ముఖ్యంగా ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్‌లలో, సీటు రావడం కష్టం. కాబట్టి మొదటి టర్మ్ రిజిస్ట్రేషన్‌కి ముందే అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి, ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపే వెబ్‌సైట్ అది. కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సమానమైన మీ కాలేజీ కోర్సు కనిపిస్తాయి. కుడివైపు 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్' అని ఉంటే మీ కాలేజీలో దానికి సమానమైనది లేదని అర్థం. పక్క కాలేజీలో ఉందేమో చూడాలి. మూడు నాలుగు యూనివర్సిటీల పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుంటే అన్నిటికీ పనికొచ్చే కోర్సులేవో తెలిసిపోతాయి.

ముందు లెక్కలు మొదలుపెట్టించండి. డి అంజాలో కాల్క్యులస్ 1ఏ నుంచి 1డీ దాకా నాలుగు క్వార్టర్లు, వరుసగా చేయాలి. ఫిజిక్స్ కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఒక్క క్వార్టర్ తప్పినా తర్వాతి కోర్సులన్నీ ఆలస్యమవుతాయి. ఆ సిరీస్ మొత్తం ఒకే కాలేజీలో పూర్తి చేయడం మంచిది. సగం క్వార్టర్ కాలేజీలో, సగం సెమిస్టర్ కాలేజీలో చేస్తే లెక్క కుదరక పిల్లలు ఇబ్బంది పడతారు. సైన్స్ మేజర్ అయితే జనరల్ ఎడ్యుకేషన్ (ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిన) కోర్సుల కోసం వీటిని వాయిదా వేయొద్దని నా గట్టి అభిప్రాయం.

ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అనే సీటు గ్యారంటీ కూడా ఉంది. యూసీ క్యాంపస్‌లలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబర్ నెలలోనే. ఆ తర్వాత నవంబర్ చివరికల్లా మామూలు యూసీ అప్లికేషన్ కూడా పంపాలి, లేకపోతే గ్యారంటీ చెల్లదు. అన్ని మేజర్లకూ ఇది ఉండదు. శాంటా బార్బరాలో ఇంజినీరింగ్ కాలేజీ మేజర్లకి లేదు, కంప్యూటర్ సైన్స్ కూడా అందులోదే. ఆ ఏడాది నిబంధనలు చూసే నిర్ణయించుకోండి.

కాల్ స్టేట్‌లని (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, అక్కడి మరో ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థ) చిన్నచూపు చూడకండి. 2010 నాటి చట్టంతో వచ్చిన 'అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్' అనే కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ పూర్తి చేస్తే ఆ వ్యవస్థలో సీటు ఖాయం, కోరుకున్న క్యాంపసే వస్తుందని మాత్రం కాదు. ఖర్చు సంగతంటారా, కాలిఫోర్నియా రెసిడెంట్లకి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లే.

బంధువులు ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి. చివరికి పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. ఇప్పుడు మీ మాటల్లో కాస్త నిరాశ వినిపించినా పిల్లాడు కుంగిపోతాడు, అది చూసుకోండి. బాబు ఏ మేజర్ అనుకుంటున్నాడో, ఏ కాలేజీయో రాయండి, అసిస్ట్ పేజీ చూసి మొదటి టర్మ్‌కి ఏం తీసుకోవాలో చెప్తాను. దాన్ని అక్కడి కౌన్సిలర్‌తో ఒకసారి సరిచూసుకోండి.