ఆదోని ఇచ్చి కొప్పళ ఉంచుకున్నారు: మా సీమ హద్దులు ఎట్లా మారాయంటే

"పాత మ్యాపులు చూస్తుంటే కొద్ది ఏళ్లకే సరిహద్దులు మారిపోతున్నాయి. ఎక్కడో ఒక మూల జరిగిన యుద్ధం దేశం హద్దునే ఎట్లా మార్చేస్తుంది?" అని మీరు అడిగారు.

నేను అనంతపురం జిల్లా రాయదుర్గం వైపు వాణ్ణి. నా మాట ముందే చెప్పేస్తాను: ఎవరు గెలిచారు, ఎన్ని ఫిరంగులు పేలాయి అని చదువుతూ పోతే హద్దు అక్కడే ఎందుకు పడిందో మీకు ఎప్పటికీ తెలీదు. యుద్ధం ముగిశాక కూర్చుని ఏ తాలూకాకు ఎంత శిస్తు వస్తుందో లెక్క వేసుకుంటారు చూడండి, ఆ పట్టిక చదవాలి. గీత అక్కడ పుడుతుంది.

మా సీమనే తీసుకోండి. 1792లో శ్రీరంగపట్నం దగ్గర మైసూరు ఏలే టిప్పు సుల్తాన్, ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ, నిజాం, మరాఠాలు ఏకమైతే ఓడిపోయాడు. సంధి ప్రకారం సగం రాజ్యం వదులుకోవాలి, 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టాలి, బాకీ తీరేదాకా ఇద్దరు కొడుకుల్ని ఇంగ్లీషువాళ్ల దగ్గర ఉంచాలి. ఆ సగాన్ని ఎవరూ మైళ్లలో కొలవలేదు. సంధి వెనక ఒక పట్టిక ఉంది. తాలూకా పేరు, దానికెదురుగా ఏటా వచ్చే వరహాలు. దాన్ని చూసుకుంటూ నిజాముకు ఇంత, మరాఠాలకు ఇంత, కంపెనీకి ఇంత అని పంచుకున్నారు. అన్నదమ్ముల భాగాల్లో బావి కింది మడి ఒకరికి వేస్తే, దానికి సరిపడా మెట్ట చేన్లు ఇంకొకరికి వేసినట్టే. అట్లా కడప, గండికోట నిజాం వాటాలో పడ్డాయి. 1799లో టిప్పు చనిపోయాక రెండో పంపకం జరిగింది. గుత్తి, గుర్రంకొండ, మా రాయదుర్గం కూడా నిజాముకే పోయాయి. మరుసటి ఏడే, 1800 అక్టోబరు 12న, ఈ రెండు పంపకాల్లో వచ్చిన నేలంతా నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద! ఆ దస్తావేజు మీద మొహరు పడటానికి మా నేల మీద ఒక్క తుపాకీ పేలాల్సిన పని రాలేదు.

అదే ఒప్పందంలో ఒక మారకం కూడా ఉంది. తుంగభద్రకు అవతల ఉన్న కొప్పళ, గజేంద్రగడ నిజాం దగ్గరే ఉంటాయి, వాటికి బదులు ఏటికి ఇవతల ఉన్న ఆదోని కంపెనీకి వస్తుంది. ఏరు హద్దుగా ఉంటే రేపు తగాదాలు రావని. ఆదోని వాళ్లను ఎవరైనా అడిగారా? కొప్పళ వాళ్లను అడిగారా? ఇవాళ కొప్పళ కర్ణాటకలో, ఆదోని ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయంటే ఆ మారకం నీడ ఇంకా మన మీద ఉన్నట్టే.

ఒక్కసారి ఊహించుకోండి. 1775లో కడపలో పుట్టిన మనిషి. పుట్టినప్పుడు నవాబు, 1780 నాటికి మైసూరు హైదర్ అలీ, ఆయన తర్వాత కొడుకు టిప్పు, 1792లో నిజాం, 1800లో కంపెనీ. ఇరవై అయిదేళ్లు నిండేసరికి, ఇంటి గడప దాటకుండానే, మూడు ఏలుబడులు మారి నాలుగో ఏలుబడికి శిస్తు కట్టాడు. నేను చదువుకున్న స్కూలు పుస్తకాలు 1565లో విజయనగరం ఓడిన రాక్షస తంగడి యుద్ధం దగ్గర మా చరిత్రను ఆపేసి, మళ్లీ స్వాతంత్ర్యోద్యమంలో మొదలుపెడతాయి. మధ్యలో ఈ మనిషి బతికిన కాలానికి పుస్తకంలో ఒక పేజీ లేదు. నాకు దాని మీద చాలా కోపం.

మా అబ్బ, అంటే తాత, చేను గురించి చెప్పాలి. ఆ పొలం మొళకాల్మూరు వైపు, రాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంటుంది. అబ్బ పోయాక భాగాలు పంచుకుందామని పాత క్రయపత్రం తీస్తే, పైన "బళ్లారి జిల్లా, రాయదుర్గం తాలూకా" అని ఉంది. ఆఫీసులో గుమాస్తా దాన్ని తిరగేసి చూసి, "ఇది బళ్లారిది కదా సార్, ఆడికే పోండి" అన్నాడు. బళ్లారికి పోతే అక్కడి మనిషి, "రాయదుర్గం మీదే కదప్పా, మాకేం సంబంధం?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను విడగొట్టి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను మనకిచ్చారు. బళ్లారి తాలూకా ఎవరిదన్నది తేల్చడానికి విడిగా మిశ్రా కమిషన్ వేసి, చివరికి మైసూరుకు ఇచ్చారు. కానీ డెబ్బై ఏళ్లు గడిచినా ఆ సంగతి తెలిసిన మనిషి కౌంటరు దగ్గర ఒక్కడూ లేడు. రైతులు ఎన్నాళ్లు తిరగాలి?

చివరికి ఒక పాత సర్వేయరు దయతలచి రికార్డు రూములోంచి గ్రామ నక్షా తీయించాడు. వెనక గుడ్డ అతికించిన మ్యాపు. మడతలు పడ్డచోట కాగితం పొడిపొడిగా రాలిపోయి, కింద గుడ్డ నేత కనిపిస్తోంది. సర్వే నంబర్లు చీమల్లాంటి అక్షరాల్లో. వంకలకు నీలం, దారులకు చుక్కల గీత. దక్షిణపు అంచున మాత్రం మిగతా గీతలకన్నా లావుగా ఒక హద్దు, దాని అవతల ఖాళీ. ఒక చెట్టు లేదు, ఒక బావి లేదు. పక్కన 'మైసూరు' అన్న ఒక్క మాట. నాకు అక్కడే తట్టింది, మా అబ్బ చేను గట్టు 1799 పంపకం గీత అని. ఇవతలిది నిజాముకు పోయి కంపెనీకి వచ్చింది, అవతలిది టిప్పు తర్వాత మైసూరు గద్దెనెక్కిన ఒడయార్లకు మిగిలింది. ఆ గీతే మద్రాసు రాష్ట్రానికి, మైసూరు సంస్థానానికి హద్దుగా నిలిచి, ఇప్పుడు ఆంధ్ర, కర్ణాటకల మధ్య ఉంది. చేను దగ్గరికి పోయి కంపచెట్లు కొట్టించి తవ్వితే రాయి బయటపడింది. నెత్తిన ఉలితో కొట్టిన గుర్తు ఇంకా ఉంది. అవతలి చేను ముసలాయన కన్నడం కలిసిన తెలుగులో, "మా నాయన కూడా ఈ రాయినే చూపించేవాడు" అన్నాడు. ఆయన ఇంటి ఆడబిడ్డను మా ఊళ్లోనే ఇచ్చారు. మధ్యలో రాష్ట్రం సరిహద్దు.

కర్నూలు వాళ్ల కథ ఇంకోటి. కర్నూలు 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. గులాం రసూల్ ఖాన్‌ను దించేశాకే కంపెనీ తీసుకుంది. బనగానపల్లె అయితే 1948 దాకా సంస్థానమే, పాత మ్యాపుల్లో మద్రాసు రాష్ట్రం నడుమ వేరే రంగు మచ్చలా ఉంటుంది. కర్నూలు బ్రిడ్జి దాటితే పుల్లూరు. 1800లో హద్దుగా పెట్టుకున్న తుంగభద్రే అక్కడ ఇవాళ తెలంగాణ సరిహద్దు. 2021 మే నెలలో కరోనా రోగులతో పోతున్న అంబులెన్సులను ఆ చెక్‌పోస్టు దగ్గర ఆపేశారే, హైదరాబాదులో బెడ్డు కోసం పోతున్న మనుషులు ఏటి ఒడ్డున ఆగిపోయారే, అది నేను మరిచిపోలేను. తగాదాలు రాకూడదని ఎవరో పెట్టుకున్న హద్దు ఎన్ని తరాల తర్వాత ఎవరి ఊపిరికి అడ్డం పడిందో చూడండి.

ఇక దేశాల సంగతి. అక్కడా ఇదే తీరు. 1947-48 కశ్మీర్ యుద్ధం తర్వాత 1949లో కరాచీలో కాల్పుల విరమణ రేఖ గీశారు. ఎన్‌జె 9842 అనే బిందువు దాకా గీసి, ఆపైన "అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల దాకా" అని రాసి ఊరుకున్నారు. మంచులో ఎవరుంటారులే అనుకున్నారు. ఆ ఒక్క వాక్యాన్ని రెండు దేశాలూ రెండు రకాలుగా చదివాయి. 1984 ఏప్రిల్‌లో మన సైన్యం సియాచిన్ ఎక్కింది, ఇంకా దిగలేదు. 1971 డిసెంబరులో తుర్తుక్ అనే ఊరు మన చేతికి వచ్చింది. అక్కడి వాళ్లు పాకిస్తాన్ ఏలుబడిలో నిద్రపోయి భారతదేశంలో లేచారు. అవతల చిక్కుబడిన అన్నదమ్ములు అవతలే ఉండిపోయారు. యుద్ధం తూర్పున బంగ్లాదేశ్ కోసం జరిగితే, దాని వల్ల లడఖ్ కొసన కూడా హద్దు మారింది! మీరడిగిన 'ఎక్కడో ఒక మూల' అంటే ఇదే.

యూట్యూబులో రంగులు పాకుతూ రాజ్యాలు పెరిగి తరిగే వీడియోలు చూసి చరిత్ర తెలిసిందనుకోకండి. ఆ రంగు కింద కరణం లెక్క ఉంటుంది, పట్టిక ఉంటుంది, మారకం ఉంటుంది. అవేవీ ఆ వీడియోల్లో కనపడవు. పాత మ్యాపు దొరికితే ముందు మూలన ఉన్న సంవత్సరం చూడండి, తర్వాత అంతకుముందు పదేళ్లలో ఏ సంధి అయిందో వెతికి దాని జాబితా చదవండి. మీది సరిహద్దు మండలమైతే మీ గ్రామ నక్షా నకలుకు దరఖాస్తు పెట్టి తెచ్చుకోండి. ఒరిజినల్ చూపిస్తే మడతలు, అంచులు కనిపించేలా ఫోటో తీసుకోండి. స్కాన్ కాపీని నమ్మొద్దు. మా ఊరి స్కానులో మడత చీలిక కూడా నల్లగా పడి అచ్చం హద్దు గీతలా కనిపిస్తోంది. రేపు ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని కోర్టుకు పోతారు.