కలివి కోడి పటం గీయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. కడప, నంద్యాల జిల్లాల్లో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల విస్తృతి పటాలు తయారుచేసే పనిలో చేరావనీ, ఉపగ్రహ చిత్రాలు తెరిచి పెట్టుకుని మొదటి గీత ఎక్కడ గీయాలో తోచక ఆగిపోయావనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. గీత సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు నీ చేతికిచ్చిన చుక్కలు, అంటే జీవి దొరికిందని నమోదైన చోట్లు, ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి వచ్చాయో తేల్చుకో.

గుత్తి సాలీడునే తీసుకో. నీలి రంగులో మెరిసే ఆ పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త మొదటిసారి వర్ణించినప్పుడు ఆయన ముందున్న నమూనా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినది. అందుకే దానికి ఆ ఊరి పేరు నిలిచింది. నూరేళ్ల తర్వాత, 2001లో, అది నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్యనున్న అడవిలో, గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, చెట్ల తొర్రల్లో కనిపించింది. కలప దుంగలతో పాటు రైల్లో గుత్తి చేరి ఉంటుందని నిపుణులు భావిస్తున్నారు. నమూనాకు కట్టిన చీటీ మీదున్న ఊరి పేరును నమ్మి అక్కడే చుక్క పెట్టి, దాని చుట్టూ రక్షణ కోరి ఉంటే, ఆ సాలీడుకు ఒక్క చెట్టు కూడా మిగిలేది కాదు.

పాత చీటీలను పక్కన పడేయమని దీని అర్థం కాదు. కలివి కోడి (ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్) అనే పక్షిని 1848లో బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త వర్ణించాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి సహజ చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలితంగా కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ బయటపడింది. ఆ తర్వాత 2013లో, స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం సొరుగులో దాని గుడ్డు ఒకటి ఉన్నట్టు గుర్తించారు. అది 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. ఒక్క గుడ్డుతో ఆ పక్షి చరిత్ర పదిహేడేళ్లు ముందుకు జరగడమే కాక, వెతకవలసిన నేల కూడా కర్ణాటక వైపు విస్తరించింది.

కాబట్టి ప్రతి చుక్క పక్కన సంవత్సరం, చూసినవారి ఆధారం (కంటితో చూశారా, అరుపు విన్నారా, అడుగుజాడ మాత్రమేనా), ఆ చుక్క ఎన్ని మీటర్ల వరకు తప్పి ఉండవచ్చనే అంచనా తప్పక రాసుకో. ఈ మూడో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాల వరకే రాసి సెకన్లు వదిలేసిన పాత రికార్డు దాదాపు రెండు కిలోమీటర్ల దాకా తప్పవచ్చు. నీ పటంలో ఒక్కో గడి రెండు కిలోమీటర్ల చదరం కనుక, చుక్క పక్క గడిలోకి దూకడానికి ఆ తేడా చాలు. ఊరి పేర్లతో మరీ జాగ్రత్త. నేను కొత్తలో ఒకే పేరున్న రెండు పల్లెల మధ్య పొరపాటు పడి, మరో మండలంలోని బంజరులో చుక్క పెట్టాను. నా పటం చేతబట్టుకుని ఇద్దరు కుర్రవాళ్లు నాలుగు రోజులు ఎండలో తిరిగి వచ్చారు. వాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక ఖాళీల సంగతి, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పటంలో చుక్క లేని చోటికి రెండు అర్థాలున్నాయి. వెళ్లి వెతికినా కనిపించలేదన్నది ఒకటి, అసలు ఎవరూ వెళ్లలేదన్నది మరొకటి. ఈ రెంటికీ ఒకే తెల్ల రంగు వేయకు. కలివి కోడి రాత్రిపూట తిరిగే పక్షి, పొద్దుగూకిన తర్వాత కొద్దిసేపే అరుస్తుంది. పగలు పది గంటలకు వెళ్లి లేదని రాసుకొచ్చినది వెతుకులాట కిందకే రాదు. పొదల నడుమ నేల చదును చేసి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని ఐదు మీటర్ల పట్టీగా పరిచి, తెల్లవారి వంగి చూస్తే, ముందుకు మూడు వేళ్లతో, వెనక వేలి గుర్తు లేకుండా చిన్న అడుగులు పడి ఉంటాయి. చితవ (లాప్‌వింగ్) పక్షుల అడుగులతో పొరబడకుండా స్కేలు పెట్టి కొలవాలి. ఎన్ని పట్టీలు, ఎన్ని రాత్రులు, ఏ నెలలో అన్నది పటంతోపాటే నమోదు కావాలి.

అంతరించే జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అడిగే కొలతలు రెండు. అన్ని చుక్కలనూ చుట్టి గీసే బహుభుజి మొదటిది. జీవి ఉన్న రెండు కిలోమీటర్ల గడుల మొత్తం వైశాల్యం రెండవది. మొదటిది ముప్పు ఎంత దూరం పరుచుకుందో తెలుసుకోవడానికి పనికొస్తుందే తప్ప, దాని లోపలంతా జీవి ఉన్నట్టు కాదు. లోపల పొలాలుంటాయి, చెరువులుంటాయి, ఊళ్లుంటాయి. ప్రణాళిక వేసేవారికి కావలసినది ఆవాసం పటం. కలివి కోడికి దట్టమైన పొదా పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. తుమ్మ, రేగు, కలివి పొదల మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్నచోటే దాని జాడలు ఎక్కువని పరిశోధకులు లెక్క తేల్చారు. ఉపగ్రహ చిత్రంలో ఆ నేల బీడులాగే కనిపిస్తుంది గనుక, నీ కళ్లతో చూసిన కొన్ని చోట్లతో పోల్చుకోకుండా రంగు వేయకు. మేకలు మేపేవారిని అడుగు. ఏ పొదను ఎప్పుడు నరికారో, ఏ బీడు ఏ ఏడు దున్నారో వాళ్లకు తెలిసినంతగా ఏ చిత్రానికీ తెలియదు.

ఆ చుట్టుపక్కల తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి ఉన్న నేల మీదకు వచ్చినప్పుడు, అడుగుజాడలు దొరికిన చోట్లు ముందే నమోదై ఉండడం వల్లనే కాలువ దారి మార్చాలని గట్టిగా అడగడానికి ఆధారం దొరికింది. కాలువలు, గనులు, రోడ్లు నిర్ణయించే బల్ల మీదకు రేపు నీ పటమూ వెళుతుంది. వెతకని చోట్లకు వేరే గీతలు వేసి, ఇక్కడ ముందు సర్వే జరగాలి అని స్పష్టంగా రాయి.

అందరికీ ఇచ్చే ప్రతిలో మాత్రం చుక్కలు వద్దు. గుత్తి సాలీడును పెంపకానికి కొనేవాళ్లు విదేశాల్లో చాలామంది ఉన్నారు, తొర్ర ఆనవాలు దొరికితే చాలు, వాళ్ల కోసం పట్టేవాళ్లు చెట్టే నరుకుతారు. బయటికి పెద్ద గడులు చూపించి, అసలు చుక్కలు అటవీ అధికారుల వద్దా మీ బృందం వద్దా మాత్రమే ఉంచండి.

మొదటి ప్రతి సిద్ధమైనాక చుక్కల పట్టికతో సహా నాకు పంపించు. పాత చీటీల్లోని ఇంగ్లీషు స్పెల్లింగులకు ఇప్పటి ఊళ్లేవో నేను కూర్చుని సరిచూసి పెడతాను. వేసవి ముదరక ముందే రెండు మూడు రాత్రులు శ్రీలంకమల్లేశ్వరం అభయారణ్యం వైపు పొదల్లో గడిపి రా, నీళ్లు ఎక్కువగా తీసుకెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న