పన్నెండో వారంలో రాసిన ఆ రక్తపరీక్ష చేయించాలా?

పదకొండు వారాల గర్భిణి అయిన మీ చెల్లెలికి మొదటి స్కాన్‌తో పాటు ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే ప్రమాదకరమైన జబ్బు) రక్తపరీక్ష కూడా రాశారనీ, ఇది అవసరమా లేక డబ్బు గుంజే వ్యవహారమా అనీ అడిగారు. తప్పకుండా చేయించండి. నాకు డాక్టరు పట్టా లేదు గానీ, విశాఖలోనే జరిగిన నా రెండు కాన్పుల అనుభవం ఉంది.

మొదటిసారి నాకు ఈ పరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు. ముప్ఫై ఒకటో వారంలో ఒక ఉదయం నా ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సబ్బు నురగ పూసినా, కొబ్బరినూనె రాసినా, దారం చుట్టి లాగినా రాకపోగా వేలు నల్లబడసాగింది. "ఎనిమిదో నెల్లో నీరు పట్టక మరెప్పుడు పడుతుందమ్మా" అని మా అత్తగారు తేలిగ్గా తీసుకున్నారు. మా వారు ఆటోలో కురుపాం మార్కెట్‌కు తీసుకువెళితే, కంసాలి చిన్న రంపంతో ఉంగరాన్ని కోసి తూకం వేస్తూ, "మళ్ళీ అతికితే తరుగు పోద్దమ్మా" అన్నాడు. ఆ అంకె చూద్దామని వంగిన నాకు కళ్ళ ముందు మిణుగురులు తప్ప మరేమీ కనబడలేదు. తలనొప్పి పొద్దుటి నుంచీ ఉంది. ఎండ వల్లేమో అనుకున్నాను. సాయంత్రం ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు 164/108, మూత్రంలో ప్రోటీన్.

అంతకు వారం ముందు అదే ఆసుపత్రిలో 146/94 వస్తే, "మెట్లెక్కి వచ్చారు కదా" అంటూ నర్సమ్మ కార్డులో 130/80 అని రాసింది. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి మళ్ళీ చూడవలసిన చోట, తోచిన అంకె రాసి పంపేయడం నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రాత్రే ఒక రక్తపరీక్ష చేశారు, కానీ అది మీకు రాసినది కాదు. మాయకు రక్తసరఫరా సరిగా కుదరనప్పుడు అది ఎస్‌ఫ్లిట్-1 అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది, రక్తనాళాలకు మేలు చేసే పీఎల్‌జీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఆ పదార్థం కట్టిపడేస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి 38 లేదా అంతకు తక్కువైతే, రాబోయే వారంలో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం దాదాపు లేదని 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. అనుమానం ఉన్నప్పుడు తేల్చుకోవడానికి అది మంచి పరీక్షే. నా నమూనా మాత్రం హైదరాబాదు వెళ్ళి, మూడో రోజున 200 దాటిన అంకెతో తిరిగివచ్చింది. అప్పటికే నాకు మన పెద్దలు గుర్రపువాతం అనే మూర్ఛ రాకుండా మెగ్నీషియం ఎక్కించి, సిజేరియన్ చేసి, 1,250 గ్రాముల పాపను అద్దాల పెట్టెలో ఉంచారు.

మీకు రాసినది ముందుచూపు పరీక్ష. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య పీఎల్‌జీఎఫ్ పరిమాణాన్ని, రక్తపోటును, గర్భాశయ ధమనుల డాప్లర్‌ను (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) కలిపి లెక్కకట్టి ముప్పును అంచనా వేస్తారు. ముప్పు ఎక్కువని తేలితే 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రాత్రిపూట ముప్ఫై ఆరో వారం వరకు ఇస్తారు. అలా ఇస్తే ముప్ఫై ఏడు వారాలలోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో ఆస్ప్రే పరిశోధన చూపింది. పదహారో వారంలోపు మొదలుపెట్టాలి గనుక, తరువాత చూద్దాంలే అనుకుంటే ప్రయోజనం జారిపోతుంది. రెండో కాన్పులో నేను ఈ పరీక్ష చేయించుకుని, వేళకే ఆస్పిరిన్ మొదలుపెట్టాను. ముప్ఫై ఎనిమిదో వారంలో రక్తపోటు కాస్త పెరిగింది, ఎందుకంటే నెలలు నిండాక వచ్చే దానిని ఆస్పిరిన్ పెద్దగా ఆపదు. అయినా బాబు 2,900 గ్రాములతో పుట్టి నా పక్కనే పడుకున్నాడు.

ఆస్పిరిన్ సొంతంగా మందుల దుకాణంలో కొని మింగించకండి, డాక్టరు రాయాలి. స్కాన్‌కు వెళ్ళే రోజునే రక్తం కూడా ఇప్పించి, రెండు చేతులకూ రక్తపోటు చూడమని అడగండి. కార్డులో ఏ అంకె రాస్తున్నారో పక్కనే నిలబడి చూడండి.