ప్రేమకథ రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నోడికి, మావయ్య ఆశీస్సులు.

షార్ట్ ఫిల్మ్ తీస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెబితే ఛాతీ ఉబ్బింది. "లవ్ స్టోరీ అన్నయ్యా" అనేసరికి గుండెల్లో రాయి పడింది.

ఇరవై నిమిషాల సినిమాకి ఇరవై పేజీలు చాలు. లొకేషన్ పర్మిషన్లు ముందే తీసుకో. కెమెరా అద్దెలో కొంత తగ్గించి సౌండుకి పెట్టు. మిగతావి నీకు తెలిసినవే.

నా బెంగంతా బస్టాండు సీను గురించి. నువ్వు పంపిన సీన్ల జాబితాలో, అదే వన్‌లైన్ ఆర్డర్‌లో హీరో మూడుసార్లు వెంటపడతాడు, అమ్మాయి మూడుసార్లు వద్దంటుంది, నాలుగోసారి నవ్వుతుంది. ఒరేయ్, ఈ తప్పు నీకంటే వయసులో చాలా పెద్దది. 1917లో అచ్చయిన బెంగాలీ రచయిత శరత్ నవలలోనే దేవదాసు గాలపు కర్రతో పార్వతి నుదుటి మీద కొడతాడు. ఆ మచ్చ ప్రేమ గుర్తుగా మిగిలిపోతుంది. మనవాళ్లు 1953లో దాన్ని సినిమా తీశాక గడ్డం, సీసా మగాడి ప్రేమకి యూనిఫాం అయిపోయాయి. కొట్టిన చెయ్యి ఎవరికీ గుర్తులేదు.

ఈ వెంటపడే సీను మన సినిమాల్లో ఎలా పనిచేస్తుందో చూడు. కెమెరా ఎప్పుడూ అబ్బాయి భుజం మీదే ఉంటుంది కాబట్టి అమ్మాయి మనకి దూరంగా నడిచే వీపు మాత్రమే. ఆమె "వద్దు" అనగానే ఫ్రెండ్ జోకు మీదకి కట్ చేస్తారు. ఆ మాట హాల్లో నవ్వుల కింద పడి చస్తుంది. వెనక ఫ్లూటు. ఎడిటింగ్ టేబుల్ మీద ఆ ఫ్లూటు తీసేసి దెయ్యం సినిమా సౌండు పెట్టి చూడు. ఒక్క షాటు మార్చక్కర్లేదు, భయం సినిమా తయారు. సిగరెట్ కనిపిస్తే తెర మీద హెచ్చరిక వేస్తారు, దీనికి మాత్రం ఈల వేస్తారు!

ఇలా మార్చు. కెమెరా ఆమె వైపు పెట్టు. బ్యాగు పట్టీ బిగించుకోవడం, ఎక్కాల్సిన బస్సు వదిలేసి కండక్టర్ దగ్గర ఖాళీ ఉన్న బస్సు ఎక్కడం చూపించు. "వద్దు" తర్వాత కనీసం మూడు సెకన్లు ఆమె మొహం మీదే ఆగు, కట్ చెయ్యకు. తర్వాతి రెండు సీన్లలో వాడు కనిపించకూడదు. ఫ్రెండ్‌కి "ఒప్పుకుంటుందిలే మామా" కాకుండా "చాల్రా, ఇంటికి పద" అనే డైలాగు రాయి. వాడు లేకుండా ఆమెకి ఎన్ని సీన్లున్నాయో లెక్కపెట్టు. నాకు ఒక్కటీ కనిపించలేదు. ఆమె ఏం చదువుతోంది, ఫీజు ఎవరు కడుతున్నారు, రాత్రి ఎవరికి ఫోన్ చేస్తుంది? ఇది రాస్తే ఆమె "సరే" అనడానికి కారణం దొరుకుతుంది. దొరక్కపోతే అననివ్వకు.

చెంపదెబ్బ తర్వాత పాట పెట్టావు. తీసెయ్, దాని మీద చర్చ లేదు.

ఇంకోటి. నీ హీరో అలా వెంటపడటానికి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఉంది, మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు. రేపు నీ సినిమా చూసి ఈల వేసినవాడు సాయంత్రం ఏ బస్టాండులో నిలబడతాడోనని నా భయం. చాదస్తం అంటావు, అను.

కోప్పడ్డానని రాయడం మానెయ్యకు. ఫ్రెండు డైలాగులు బాగున్నాయి, నవ్వొచ్చింది. బస్టాండు సీను మార్చి ఆదివారంలోగా పంపు. షూటింగ్ రోజుల్లో అన్నం టైముకి తిను.

మీ మావయ్య